శుద్ధి, అంటు, పరిశుద్ధత: తెలంగాణ పల్లెలలో ఒక క్రైస్తవభావము నడచిన త్రోవ

జగిత్యాల సీమలో గొల్లపల్లి మొదలగు పల్లెలకు ఉత్తరమున గోదావరి ఒడ్డున ధర్మపురి కలదు. దక్షిణమున సిరిసిల్ల దిక్కున వేములవాడ కలదు. ఒకచోట నది, మరియొకచోట ధర్మగుండము. స్నానముచే పాపము తొలగునను నమ్మకము ఈ సీమ జనులకు తరతరములుగా పరిచితము. ఆ పల్లెలలోనే, ఊరికి కొంత దూరమున, మాలవాడయు మాదిగవాడయు ఉండెడివి. ఆ వాడల దృష్టినుండి చూచినచో అశుద్ధి రెండు విధములు. పురుటిమైల, చావుమైల, ముట్టు అనునవి కొన్ని దినములలో తీరునట్టివి. స్నానము, చాకలి ఉతికిన బట్ట, అలికిన ఇల్లు వానిని తీర్చును. పుట్టుకతో వచ్చినదని ఊరు తీర్మానించిన అంటు అట్టిది కాదు. దానికి నీరు లేదు, గడువు లేదు. 19వ శతాబ్ది చివరిభాగమున క్రైస్తవబోధకులు ఈ వాడలలోనికి వచ్చి, దేవుని పరిశుద్ధత మీకు సాధ్యమేకాక విధి కూడ అని చెప్పిరి. ఆ మాట అచట ఏమని వినబడినది? విన్నవారు దానితో ఏమి చేసిరి? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఇంతమాత్రమే.

పరిశుద్ధతను గూర్చి దైవశాస్త్రజ్ఞులు వ్రాసిన గ్రంథములు పెక్కు. అవి దానిని విశ్వాసి అంతరంగమున జరుగు క్రియగా విచారించును. అట్లు విచారించుట ఉచితమే. కాని తెలుగు పల్లెలో ఆ భావమునకు మాటయు, ఆచారమును, వెలయు ఏర్పడిన తీరు చరిత్రకు సంబంధించిన విషయము. కావున మాటతో ఆరంభింతుము.

హీబ్రూ వేదమున రెండు భావములు వేరువేరు పదములతో చెప్పబడినవి. ‘కదోష్’ అనగా దేవునికై వేరుచేయబడినది, ఆయనకు చెందినది అని పండితులు సామాన్యముగా చెప్పు అర్థము. ‘తాహోర్’ అనగా మైలలేనిది, కడిగినట్టి స్వచ్ఛత కలది. గ్రీకున ‘హగియోస్’, ‘కథరోస్’ అను పదములు ఇంచుమించుగా ఈ భేదమును నిలుపుకొన్నవి. ఒక పాత్ర శుభ్రమైనంత మాత్రమున దేవాలయపాత్ర కాదు. దానిని దేవునికి ఇచ్చిననే అట్లగును. తెలుగున ఈ భేదమును నిలుపుట సులభము కాలేదు. ‘పరిశుద్ధ’ శబ్దమున ఉన్నది శుధ్ ధాతువు. దాని అర్థము శుభ్రపడుటయే. ‘పవిత్ర’ శబ్దము పూ ధాతువునుండి వచ్చినది; దానికిని అర్థము శుభ్రపరచుటయే. పైగా పవిత్రమనగా దేనిచే శుద్ధి కలుగునో ఆ సాధనము. శ్రాద్ధాదికర్మలలో వ్రేలికి తొడుగు దర్భముడికి ఇప్పటికిని అదియే పేరు. అనగా హీబ్రూ భాషలో వేరుగా నుండిన రెండు భావములలో మొదటిదానికి సైతము తెలుగున రెండవదాని వస్త్రమే దొరకినది. ‘ప్రతిష్ఠించు’, ‘ప్రత్యేకించు’ అను క్రియలను అనువాదకులు కొన్ని తావుల వాడి ఈ కొరతను తీర్పజూచిరి. అయినను సామాన్యవిశ్వాసి నోట నిలచినది ‘పరిశుద్ధుడు’ అను మాటయే. అది వినినంతనే తోచునది కడుగుట, మైలపోవుట.

ఈ పదజాలము ఎవరి చెవికి అనుగుణముగా ఏర్పడినదో గమనింపదగినది. 1805లో విశాఖపట్టణమున లండను మిషను పక్షమున నిలిచిన క్రాను, డెగ్రాంజి అను వారికి తెలుగు అనువాదమున తోడ్పడినవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు. వారి కృషి ఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ప్రిచ్చెట్టు సిద్ధపరచిన కొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడినది. ఆనాటి గ్రంథభాష పండితభాష. శుద్ధి, అపవిత్రత, నిషిద్ధము, ప్రాయశ్చిత్తము అను మాటలు పండితగృహములలో నిత్యవ్యవహారమునందున్నవి. అవియే వేదమునకు సంక్రమించుట సహజము. దాని ఫలము మాత్రము విచిత్రము. అర్ధశతాబ్దము తరువాత ఆ గ్రంథమును చేతబట్టుకొని వినినవారిలో అత్యధికులు, ఆ మాటలు ఎవరిని దూరముగా నుంచుటకు వాడబడుచుండెనో ఆ జనులే.

రోమను కతోలికుల వాడుక వేరు. ప్రొటెస్టంటులు ‘పరిశుద్ధాత్మ’ అన్నచోట వారు ‘పవిత్రాత్మ’ అందురు. ‘బాప్తిస్మము’ అను గ్రీకుమాటకు మారుగా ‘జ్ఞానస్నానము’ అందురు. పాపములను గురువుతో చెప్పుకొనుటను ‘పాపసంకీర్తనము’ అందురు. పరలోకగతులైన మహనీయులకు వారు పెట్టిన బిరుదము ‘పునీతుడు’. సంస్కృత వ్యాకరణము ప్రకారము ‘పూత’ అని ఉండవలెనని పండితులు ఆక్షేపింపవచ్చును గాని, లోకము ఆ ఆక్షేపణను లక్ష్యపెట్టలేదు. మాకు ఇచట ముఖ్యమైనది వేరు. పునీతుడనగా శుభ్రపరపబడినవాడు. మహాత్ముని పేరుననే అతడు పూర్వము అశుద్ధుడను స్మృతి నిలచియున్నది. ‘జ్ఞానస్నానము’ అను సమాసమున స్నానము ఎదురుగనే కనబడుచున్నది. ప్రొటెస్టంటులు ‘బాప్తిస్మము’ అను పరాయిమాటను ఉంచుకొనుటచే స్నానభావము కొంత మరుగుపడినను, ఏటిలో ముంచి యిచ్చు సంఘములలో ఆ మరుగు నిలువలేదు.

పౌలు తన లేఖలలో సంఘసభ్యులనందరిని ఏ భేదములేక పరిశుద్ధులని సంబోధించెను. అది ఘనతబిరుదము కాదు, సభ్యత్వపు పేరు. ఈ లేఖలను మాదిగవాడలో చదివినపుడు వినువాని స్థితిని ఊహింపవలెను. అప్పటివరకు తెలుగున ఆ మాట అతనికి వర్తించిన సందర్భము లేదు. ఊరిబావిని ముట్టరానివాడు, గుడిమెట్టు ఎక్కరానివాడు ఆదివారమున పరిశుద్ధుడని పిలువబడుచున్నాడు. సోమవారమున కాపు గడపకు దూరముగా నిలుచున్నాడు. ఈ రెండు దినముల నడిమి ఎడమే తెలుగు క్రైస్తవ పరిశుద్ధతా చరిత్రయని మా అభిప్రాయము.

బాహ్యశుద్ధికి ఎదురుగా అంతశ్శుద్ధిని నిలుపుట తెలుగువారికి క్రైస్తవులు నేర్పిన విద్య కాదు. ‘చిత్తశుద్ధి’ అను మాటను తెలుగువాని నాలుకపై నిలిపినవాడు వేమన. ధర్మపురి శేషప్ప నరసింహశతకమున తన ఊరి దేవునియెదుట తన దోషములను విప్పిచెప్పుకొనెను. ఆ శతకమును ఈ సీమలో బడిపిల్లలు కంఠస్థము చేసిరి. ఇంతకంటె మనకు ముఖ్యమైనది అంటరాని కులములలోనే వ్యాపించియుండిన గురుమార్గము. రాజయోగమని చెప్పుకొనుచు, విగ్రహములను కాదని, శ్వాసను నిలుపు సాధనము నేర్పు గురువులు తెలుగుదేశమున పలుతావుల ఉండిరి. వారి శిష్యులలో మాదిగలు కలరు. గురువులలో స్త్రీలును కలరు. క్లౌ దొరసానియగు ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ప్రకటించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అను గ్రంథమున ఈ మార్గములను గూర్చిన వృత్తాంతములు ఆ జనుల నోటనుండియే సేకరింపబడినవి. మతప్రచారదృష్టితో వ్రాసినదైనను, ఆ కాలపు మాదిగల ఆధ్యాత్మికజీవనమునకు అంతటి సాక్ష్యము మరియొకటి అరుదు.

ఆ గ్రంథమున ప్రధానపాత్రయగు ఎర్రగుంట్ల పేరయ్య కనిగిరి ప్రాంతమున తోళ్ల వర్తకము చేయుచుండిన మాదిగ. అతడు క్రైస్తవుడు కాకమునుపే ఒక స్త్రీ గురువువద్ద యోగసాధన నేర్చినవాడు, ఇతరులకు గురువైనవాడు. 1866లో బాప్తిస్మము పొందెను. ఒంగోలు సీమ మాదిగలలో సువార్త వ్యాపించుటకు అతడు మూలపురుషుడు. అతని జీవితమువలన తెలియు విషయమేమనగా, అంతరంగశుద్ధిని గూర్చిన తపన ఆ వాడలలో ముందే ఉండినది; పాశ్చాత్యబోధకుడు వచ్చి పుట్టించినది కాదు. అయినచో కొత్తమతము కొత్తగా ఇచ్చినదేమి? యోగము వ్యక్తిని మార్చెను గాని వాడను మార్చలేదు. పేరయ్య యోగిగా ఉన్నపుడు అతని కులమువారు చచ్చిన పశువును తినుట మానలేదు; పండుగకు డప్పు కొట్టుట మానలేదు. క్రైస్తవుడైన పిమ్మట ఈ రెంటిని గూర్చి పేచీ పుట్టినది. పరిశుద్ధత అందరికి కనబడు నడతగా మారిన ఘట్టము ఇదియే. జగిత్యాల సీమకు సువార్త రాకమునుపు, ఒంగోలున ఈ ప్రశ్నకు మొదటి రూపము ఏర్పడినందున, కొంతసేపు అచట నిలువవలసి యున్నది.

అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) ఒంగోలున కాపురముండిన తొలిదినములలో అగ్రకులస్థులు కొందరు క్రైస్తవమతమును గూర్చి విచారించుచు వచ్చుచుండిరి. అదేకాలమున పేరయ్య వెంట మాదిగలు గుంపులుగా రాసాగిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని అగ్రకులస్థులు తెలిపిరి. క్లౌ దంపతులు చాల మథనపడి మాదిగలనే చేర్చుకొనిరి, తక్కినవారు మరలిపోయిరి. శుద్ధిని గూర్చిన రెండు సిద్ధాంతములు ఒకే బల్లమీద కూర్చుండలేవని ఆనాడే తేలినది.

మాదిగలకు క్లౌ విధించిన నియమములు మూడు మాత్రమే: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూపునకు ఇవి సామాన్యమైన మతనియమములు. కాని పల్లె ఆర్థికవ్యవస్థ తెలిసినవానికి వీని బరువు వెంటనే తెలియును. మాదిగ ఊరికి వెట్టివాడు. కాపుకు చెప్పులు, మోటబొక్కెనకు తోలు, పగ్గములు సమకూర్చుట అతని విధి. బొక్కెన చినిగినదన్న ఆదివారమని చూడరు. నీరు పారకున్న పైరు ఎండును. చచ్చిన పశువు అతనికి రావలసిన హక్కు. దాని తోలు ఊరికి చేరును, మాంసము అతని కుటుంబమునకు మిగులును. కరవునాట ఆ మాంసమే ప్రాణాధారము. గ్రామదేవత జాతరలో డప్పు అతనిది. డప్పు లేనిదే జాతర సాగదు. ఈ మూడు నియమములును మూడు వైపులనుండి ఊరికిని వాడకును గల ఒప్పందమును త్రెంపినవి.

ఊరు ఊరకుండలేదు. పని ఇచ్చుట మానిరి, దారులు మూసిరి, కళ్లములో ఇచ్చు గింజలను నిలిపిరి, కరణము, మునసబు తమ అధికారమును వాడిరి. క్లౌ స్వయముగా చెప్పిన వృత్తాంతమును ఆయన మరణానంతరము 1914లో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అను పేర అచ్చువేసిరి. అందు ఈ ఘర్షణ వివరముగా కలదు. ఆదివారపు పనిని గూర్చి కాపులతో ఒడంబడిక కుదుర్చుటకు ఆయన ఎంతయో శ్రమపడవలసివచ్చెను.

ఇచట ఒక సూక్ష్మము కలదు. ఆ నియమము నిషేధించినది తినుటను మాత్రమే; తోలు ఒలుచుటను కాదు. తోలుపని నిషిద్ధమైనచో వాడ బ్రతుకు లేదు. మార్కు సువార్తలో యేసు, నోటిలోనికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదని బోధించినట్లున్నది. ఆ బోధనే అక్షరశః గ్రహించినచో చచ్చిన గొడ్డు మాంసమునకు నిషేధమే ఉండనక్కరలేదు. అయినను మిషనరీలును, వారికంటె ఎక్కువ పట్టుదలతో వాడ పెద్దలును, దానిని పరిశుద్ధతకు మొదటి మెట్టుగా చేసిరి. కారణము స్పష్టము. ఊరు మాదిగను అంటరానివానిగా నిరూపించుటకు చూపు మొదటి సాక్ష్యము ఆ మాంసము. దానిని విడచుట దేవునియెదుట శుద్ధియగునో కాదో గాని, ఊరియెదుట ఆ సాక్ష్యమును కొట్టివేయుట. పరిశుద్ధత అను మాటలో ఆత్మగౌరవము ఈ విధముగా ప్రవేశించినది. దీనిని కల్తీయని కొందరు భావింతురు. మేము అట్లు భావింపము. తన దేహమును గౌరవింపనేర్చిన జనము దేవుని గౌరవింపనేర్చుట వింత కాదు.

1876-78 కరవున క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. అన్నముకొరకు మతము మారిరను నింద రాకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములను ఆపివేసెను. కరవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య లోకప్రసిద్ధము. అంతమంది అంతరంగము ఒక్కనాట మారెనా అని అప్పుడే అడిగినవారు కలరు, ఇప్పుడును అడుగుదురు. ఆ ప్రశ్న సమంజసమే. కాని అంతమంది మరునాటినుండి చచ్చిన గొడ్డును తినుట మానవలెనని నిర్ణయించుకొనుట ఎంతటి సంఘటనయో ఆ ప్రశ్నించువారు తరచుగా గమనింపరు.

నిజాము రాజ్యములో త్రోవ కొంత వేరు. ఎలగందుల జిల్లాగా ఉండి 1905లో కరీంనగరు జిల్లాయైన ఈ ప్రాంతమునకు వచ్చినవారు వెస్లియను మెథడిస్టులు. సికిందరాబాదు కేంద్రముగా 1880 ప్రాంతమున ఆరంభమైన వారి పని ఆ దశాబ్దముననే కరీంనగరు, సిద్దిపేట, మెదకు వైపులకు వ్యాపించినది. పరిశుద్ధతను గూర్చి తక్కిన సంఘములకంటె వీరికి పట్టింపు ఎక్కువ. వారి మూలపురుషుడగు జాన్ వెస్లీ (1703-1791), మనుష్యుడు ఈ లోకముననే ప్రేమయందు సంపూర్ణుడు కాగలడని బోధించి, దానిని ‘క్రైస్తవ సంపూర్ణత’ అనెను. తెలివితక్కువ, పొరపాటు, బలహీనత పోవునని ఆయన అనలేదు. బుద్ధిపూర్వకముగ పాపము చేయు మనస్సు పోవుననెను. 1739లో ప్రకటించిన కీర్తనల పీఠికలో, సాంఘికము కాని పరిశుద్ధత లేదను భావమును కూడ వెల్లడించెను. ఏకాంతమున గుహలో సాధించునది కాదు, తోటివారితో కూడి సాధించునది అని ఆయన తాత్పర్యము.

దీనికి ఆయన ఏర్పరచిన సాధనము ‘క్లాసు’. 1742లో బ్రిస్టలున ప్రార్థనమందిరపు అప్పు తీర్చుటకు పండ్రెండుగురేసి సభ్యులను ఒక జట్టుగా చేసి వారమునకు ఒక పెన్నీ వసూలుచేయ నొక నాయకుని నియమించిరి. డబ్బుకొరకు ఇల్లిల్లు తిరిగిన నాయకునికి ఎవడు త్రాగుచున్నాడో, ఎవడు భార్యను కొట్టుచున్నాడో తెలిసెను. అప్పు వసూలు సంఘము ఆత్మపరీక్షా సంఘమయ్యెను. మతచరిత్రలో ఇంతకంటె సరళమైన జన్మకథ కల వ్యవస్థ మాకు తోచదు. మూడునెలలకొకసారి నడత చూచి సభ్యునికి చీటి యిచ్చుట, ఇయ్యకుండుట మెథడిస్టుల ఆచారమయ్యెను.

ఈ వ్యవస్థ తెలంగాణ వాడకు తగినట్లు కుదురుటకు కారణము కలదు. వాడలో ఏకాంతమన్నది ముందే లేదు. గోడకు గోడ ఆనియున్న గుడిసెలలో ఒకని త్రాగుడు పదుగురికి తెలియును. కులపెద్దల పంచాయతి తప్పును విచారించి తప్పు (జరిమానా) వేయుట పూర్వాచారము. క్లాసు నాయకుడు, ఉపదేశి ఆ పెద్దరికములోనికి ప్రవేశించిరి. అందుచే పరిశుద్ధత ఇచట ఆరంభమునుండియు ఒంటివాని తపస్సుగా గాక వాడ అంతయు చూచుచుండ నడచు నడతగా ఏర్పడినది. కల్లు మానుట ప్రధానమైన గురుతు అయ్యెను. ఇతరదేశములలో మద్యనిషేధము వ్యసనమునకు సంబంధించినది. తెలంగాణలో కల్లు చుట్టరికము, పండుగ, చావు, పంచాయతి అన్నింటిలోను కలదు. పోచమ్మకు సాకపోయునది కల్లే. దానిని మానినవాడు వ్యసనమును మాత్రమేగాక చుట్టములను, దేవతను కూడ విడచినట్లగును. కావున మానితిమని సభలో చెప్పి ఇంటివద్ద మానలేనివారు ఎందరో ఉండుటయు, వారిని సంఘము మరల మరల క్షమించుటయు సహజమైనది. సిద్ధాంతమున సంపూర్ణత, ఆచరణమున సహనము. ఈ రెండును కలసియే పల్లెసంఘము నిలచినది.

మెదకున ఛార్లెస్ వాకర్ పాస్నెట్టు 1914 మొదలు 1924 వరకు కట్టించిన మహాదేవాలయమును గూర్చి ఎల్లరు ఎరుగుదురు. ఆ సంవత్సరము డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. ఐదువేలమంది కూర్చుండదగిన ఆ మందిరమున వాడలనుండి వచ్చినవారు కూర్చుండిరి. గుడిమెట్టు ఎక్కరానివారికి ఇంతటి గుడి ఏల అని అడిగినవారికి ఆ కట్టడమే సమాధానము.

తూర్పున డోర్నకలున ఆంగ్లికను సంఘాధ్యక్షుడగు వేదనాయగం శామ్యూలు అజరయ్య (1874-1945) మరియొక మార్గము త్రొక్కెను. 1912లో అభిషిక్తుడైన ఆయన ఆ సంఘమున మొదటి భారతీయ బిషప్పు. విశ్వాసులచే వారి చేతులను వారి తలలపైననే పెట్టించి, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు సువార్త ప్రకటింపకున్నచో తనకు అనర్థమనియు చెప్పించుట ఆయన ప్రవేశపెట్టిన ఆచారము. ఇందు మేము గమనించునది ఆ హస్తన్యాసము. ఎవనిని తాకుట లోకము మైలయనుచుండెనో, అతని తలపై అతని చేయియే నిలచి అతనిని నియమించుచున్నది. వ్యక్తిగత పరిశుద్ధత లోపలికి ముడుచుకొనక బయటికి పనిగా మారవలెనను ఆయన ఆశయము ఆ ఒక్క క్రియలో ఇమిడియున్నది.

ఇదంతయు క్రైస్తవుల సొత్తు మాత్రమే కాదు. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మ (1888-1939) 1906లో జగన్మిత్రమండలి స్థాపించి, మద్యము మానుట, జంతుబలి మానుట, జోగిని ఆచారమును తొలగించుట, పిల్లలను చదివించుట అను పనులకు పూనుకొనెను. ఆయన బోధించిన నడతకును క్లాసు నాయకుడు కోరిన నడతకును పట్టికలో భేదము స్వల్పము. భేదము కారణమున కలదు. భాగ్యరెడ్డివర్మ తన జనులు ఈ దేశమునకు ఆదివాసులగు ఆది హిందువులని, వారికి పోగొట్టుకొనవలసిన అంటు అసలు లేదని వాదించెను. అదేకాలమున ఆర్యసమాజము మతము మారినవారిని మరల చేర్చుకొనుటకు పెట్టిన పేరు ‘శుద్ధి’. ఒకే పల్లెవానిని ఒకరు పరిశుద్ధుడవు కమ్మనిరి, ఒకరు శుద్ధి పొందుమనిరి, ఒకరు నీవు అశుద్ధుడవే కావనిరి. మూడింటిలో మూడవమాట తర్కమున అన్నిటికంటె నిర్దుష్టమైనదని ఒప్పుకొనవలసియున్నది. వాడవాడకును ఉపదేశిని, బడిని, ఆదివారమును ఇచ్చుట మాత్రము మొదటిమాటకు చేతనైనది.

శుద్ధి అను మాటకు ఈ ప్రాంతమున మరియొక పరీక్ష కలిగినది. వేదమున కుష్ఠరోగి తాను అపవిత్రుడనని కేకవేయవలెననియు, సువార్తలలో అతడు ‘శుద్ధుడయ్యె’ననియు చెప్పబడినది. జగిత్యాలకు పడమట నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియను మిషనువారు 1915లో స్థాపించిన కుష్ఠాశుపత్రిలో డాక్టరు ఇసబెల్ కెర్ (1875-1932) పని చేసెను. దానికి విరాళమిచ్చి ఆదుకొన్నవాడు నర్సాగౌడు అను హిందూ దాత. ఆ రోగమునకు కారణమగు సూక్ష్మజీవిని హాన్సెను 1873లోనే కనుగొనెను. ఆశుపత్రిలో రోగి పొందినది చికిత్స. మందిరమున అతడు వినినది శుద్ధి. రోగము పాపఫలము కాదని సూదిమందు నేర్పిన పాఠము, శుద్ధి అనగా దేహమునకు సంబంధించినది కాదని బోధకునికి కూడ నేర్పియుండును.

స్వాతంత్ర్యానంతరము ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించినవారు పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ అను పండితులు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడగా మెదకు అందొక అధ్యక్షమండలమైనది; ఆ మండలమునందలి పల్లెలలో వారు విచారించి 1968లో ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ అను గ్రంథమును ప్రకటించిరి. పల్లె క్రైస్తవుడు ఆదివారమున మందిరమునకు పోవుచు, ఊరి పండుగలతోను కులాచారములతోను సంబంధమును పూర్తిగా త్రెంచుకొనకుండుట అందు నిష్కర్షగా వర్ణింపబడినది. మాలలు, మాదిగలు క్రైస్తవులైనను మాలలుగా మాదిగలుగా వేరువేరుగనే ఉండుట కూడ అందు కనబడును. మాకు ఈ రెండవ విషయమే బాధకరమైనది. మొదటిది అలవాటు, రెండవది అంటును గూర్చిన సిద్ధాంతమే, ఊరు విడచి వాడలోనికి వచ్చి కాపురముండుట. ఊరు తమను అంటరాదనుటను తప్పని గ్రహించినవారు తమలో తాము ఆ గీతను చెరపలేకపోయిరి. వెస్లీ చెప్పిన సాంఘిక పరిశుద్ధత ఇచట వచ్చి ఆగినది.

ప్రభువు బల్ల ఈ విషయమున ఉరకల్లు వంటిది. ఒకే పాత్రనుండి అందరును త్రాగుట ప్రాచీనాచారము. తెలుగువానికి ఎంగిలికంటె బలమైన మైల లేదు. తల్లి ఎంగిలి బిడ్డకు, భర్త ఎంగిలి భార్యకు చెల్లును గాని పరకులము ఎంగిలి చెల్లదు. మాలయు మాదిగయు ఒకే గిన్నెకు పెదవి ఆనించుటయన్నచో నూరు ప్రసంగములు చేయలేని పని జరిగినట్లు. 1890 దశకమున అమెరికాలో, రోగక్రిముల భయముచే, ఒక్కొక్కరికి వేరు గ్లాసు ఇచ్చు పద్ధతి పుట్టినది. అది మన సంఘములలో పెక్కింటికి వ్యాపించినది. ఆరోగ్యదృష్టితో దానిని తప్పుపట్టరాదు. అయినను ఎంగిలి ప్రశ్నకు ముఖాముఖి సమాధానము చెప్పవలసిన అవసరము దానితో తప్పిపోయినదని చెప్పక తప్పదు.

1941లో మద్రాసున ఆరంభించి, పిమ్మట హైదరాబాదు హెబ్రోనున బఖ్తసింగు (1903-2000) జరిపిన పరిశుద్ధ సమావేశములను ఈ సందర్భమున స్మరింపవలెను. లేవీయకాండమునందలి పండుగసభలను ఆదర్శముగా గైకొని, వేలమంది దినములతరబడి ఒకే పందిట నిదురించి, ఒకే వంటను వరుసలలో కూర్చుండి తినుట వాని విశేషము. బోధకంటె ఆ వరుసలే ఎక్కువ బోధించినవని మా తలంపు. అదే మార్గమున తెల్లబట్ట పరిశుద్ధతకు గురుతుగా వ్యాపించినది. నగ మానుట, సినిమా మానుట చేరినవి. చచ్చిన గొడ్డు మాంసము వాడలనుండి మరుగైన పిమ్మట, దాని స్థానమున కొత్త గురుతులు కావలసివచ్చినవి కాబోలు. అయితే మొదటి గురుతునకు వెల ఉండెను: పని పోవుట, గింజలు పోవుట. తెల్లబట్టకు అట్టి వెల లేదు.

‘సాక్ష్యము’ అను ప్రక్రియ కూడ ఈ సభలలోనే తీర్చిదిద్దబడినది. పూర్వము త్రాగుబోతునై యుండి, ఫలానా దినమున మారితినని నలుగురిలో నిలిచి చెప్పుకొనుట. తెలుగు గద్యచరిత్రకారులు దీనిని పట్టించుకొనలేదు. చదువురానివాడు తన జీవితమునకు ముందు, వెనుక అను విభాగము కల్పించి, ప్రథమపురుషలో గాక ఉత్తమపురుషలో, మధ్యమధ్య వేదవాక్యమును అతికి, అరగంటసేపు కథ నడపుట సామాన్యమైన విద్య కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కూలీల ప్రార్థనకూటములలోను ఇదియే ప్రక్రియ. పరిశోధక విద్యార్థులు దీనిని సేకరించుట మంచిది. మౌఖికసాహిత్యమన్నంతనే పాటను మాత్రమే వెదకు అలవాటు మనకు కలదు.

పరిశుద్ధుడని సంఘము పిలిచినవానిని ప్రభుత్వము ఏమని వ్రాసికొన్నదో చెప్పి ఈ ప్రసంగమును ముగింతుము. 1950 నాటి షెడ్యూలు కులముల ఉత్తరువు హిందువులకు మాత్రమే ఆ స్థానమును నిలిపినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినను క్రైస్తవులకు విస్తరింపబడలేదు. తెలంగాణలోను ఆంధ్రప్రదేశములోను షెడ్యూలు కులమునుండి క్రైస్తవుడైనవాడు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమునకు చెందును. క్రైస్తవమున కులము లేదు గనుక అంటు కూడ లేదని ఆ ఉత్తరువు వెనుకనున్న ఊహ. పౌలు లేఖ చదువబడిన వాడలో ఆదివారమున పలికిన మాటను ప్రభుత్వము అక్షరశః నమ్మినట్లయినది. సోమవారపు సంగతి ఎరిగిన వాడవారు రెండు పేర్లు పెట్టుకొనిరి: బడి పుస్తకములో ఒకటి, సంఘపు పుస్తకములో ఒకటి.